రోడ్డు పక్క ఎత్తులు

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు, ఆకాశంలో తిరిగే ఒక ఉపగ్రహం తప్పులను నేను దిద్దుతున్నానని కర్నూలు పాతబస్తీలో సగం బజారుకు తెలుసు. ఆ మాట బజారులో వేసింది మా నాయన. మాది ఇనప సామాన్ల అంగడి. గడ్డపారలు, కొడవళ్లు, బావి గిలకలు, మోకులు అమ్మేవాళ్లం. గడ్డపార కొనడానికి వచ్చిన రైతు దాన్ని ఒకసారి ఎత్తి చూసుకుని, మొన మీద బొటనవేలు రాసి చూసుకునేలోపల మా నాయన నా ఉద్యోగం గురించి మొత్తం చెప్పేసేవాడు.

"మా పాప శాటిలైటును సరిచేస్తాండాదప్పా. అది పైనుంచి భూమి ఎత్తు కొలుస్తాది. తప్పు కొలిస్తే మా పాప కిందనుంచి చెప్తాది."

రైతు పైకి చూసేవాడు. మా నాయన కూడా పైకి చూసేవాడు. అంగడి కప్పుకు వేలాడే మోకులు తప్ప అక్కడ ఏమీ ఉండేవి కావు.

నేను లోపల కూర్చుని ఇదంతా వింటూ "ఊరుకో నాయనా" అని ఒక్కసారి కూడా అనలేదు. పైగా ఆ రైతు ఏమంటాడో అని చెవులు రిక్కించి వినేదాన్ని. అప్పటి నా గర్వం అంతటిది. దాని ఎత్తు కొలవడానికి మాత్రం ఏ ఉపగ్రహమూ లేదు.

అసలు సంగతి ఇది. రెండువేల మూడు తర్వాతి మాట. ధ్రువాల దగ్గర మంచు ఎంత కరుగుతోందో కొలవడానికి ఒక ఉపగ్రహాన్ని పైకి పంపారు. అది భూమి చుట్టూ తిరుగుతుంది కాబట్టి, మంచు దగ్గరికి పోతూ పోతూ మా కర్నూలు, కడప ఎండల మీదుగా కూడా పోయేది. పోతూ కిందికి లేజర్ వెలుగును మిణుకు మిణుకుమని వదిలేది. ఆ వెలుగు నేలను తాకి తిరిగి పైకి పోవడానికి ఎంతసేపు పట్టిందో చూసి, నేల ఎంత ఎత్తులో ఉందో లెక్క కట్టేవాళ్లు. వెలుగు పైనుంచి సన్నగా బయల్దేరినా, కిందికి వచ్చేసరికి ఒక చిన్న చేనంత గుండ్రంగా పరుచుకునేది. ఈ చివర నుంచి ఆ చివరకు ఇంచుమించు డెబ్బై మీటర్లు. ఒక గుండ్రం తర్వాత కొంత ఖాళీ, మళ్లీ ఇంకో గుండ్రం. పైనుంచి ఎవరో చుక్కలు పెట్టుకుంటూ పోయినట్టు ఉండేది.

మంచు చదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ పెద్ద ఇబ్బంది లేదు. మా పక్క నేల అట్లా కాదు. ఒకే గుండ్రంలో ఒక మిట్ట, ఒక నీళ్ల వంక, నాలుగు కంపచెట్లు, ఒక గుంత ఉంటాయి. అన్నిటి నుంచీ వెలుగు కలగాపులగంగా తిరిగిపోతే, ఉపగ్రహం చెప్పే ఎత్తు దేని ఎత్తు? ఆ గుండ్రాల దగ్గరకు కాళ్లతో నడిచిపోయి, చేతులతో కొలిచి, ఎక్కడ ఎంత తేడా వస్తోందో, దాన్ని దిద్దుకునే మార్గం ఏదైనా ఉందేమో చూడడం మా పని. కర్నూలులో నాకు భూగర్భశాస్త్రం చెప్పిన సారుకు ఆ చిన్న ప్రాజెక్టు వచ్చింది. ఆయన నన్ను అసిస్టెంటుగా పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో ఆయనకు కూడా తర్వాత కొన్నాళ్లు సందేహంగానే ఉండి ఉంటుంది.

చేరిన మూడో వారంలోనే నేను ఉపగ్రహం తప్పు పట్టేశాను. కర్నూలు చుట్టుపక్కల దాదాపు ప్రతి గుండ్రంలోనూ అది మన మ్యాపుల కంటే ఎనభై మీటర్లు తక్కువ చెబుతోంది! ఒక మీటరా, రెండు మీటర్లా? ఎనభై! కాగితాలు పట్టుకుని మెట్లు రెండేసి ఎక్కి సారు గదికి పరిగెత్తాను. పోయే ముందు మా నాయనకు ఫోన్ చేసి ఆ ముక్క చెవిన వేశాను. అది ఇంకా పెద్ద తప్పు.

సారు కాగితాలు తిప్పి చూశాడు.

"మ్యాపులో ఎత్తు యాడ నుంచి కొలుస్తారమ్మా?"

"సముద్ర మట్టం నుంచి సార్."

"శాటిలైటు యాడ నుంచి కొలుస్తాది?"

ఉపగ్రహానికి సముద్రంతో పని లేదు. భూమిని నున్నటి గుడ్డు ఆకారంలో ఊహించుకుని ఆ గుడ్డు మీద నుంచి కొలుస్తుంది. మన దక్షిణాదిలో సముద్ర మట్టమే ఆ గుడ్డు కంటే సుమారు ఎనభై మీటర్లు లోతులో ఉంటుంది. అంటే నేను కనిపెట్టిన తప్పు, రెండో సంవత్సరం పిల్లలకు సారు చెప్పే పాఠం. ఆ పాఠం రోజు నేను క్లాసులోనే ఉన్నాను. నోట్సులో నా చేతిరాతలోనే ఉంది, కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను.

సారు కాగితాలు వెనక్కి ఇచ్చాడు. "పోయి కాఫీ తాగు" అన్నాడు. కానీ బజారుకు వార్త అప్పటికే చేరిపోయింది. వారం తర్వాత ఒక కాంట్రాక్టరు మోకు కొనడానికి వచ్చి, "ఏమప్పా, మీ పాప ఆ ఎనబై మీటర్లు అతికిచ్చిందా లేదా?" అని మా నాయనను అడిగాడట. మా నాయన "ఆ, అతికిచ్చింది" అన్నాడట. కూతురి పరువు కాపాడడంలో ఆయనకు సైన్సు అడ్డం కాదు.

ఆ తర్వాత సారు నన్ను ఒక్కదాన్నే ఫీల్డుకు పంపలేదు. ఒక పెద్దాయనను జతచేశాడు. ఆయనది ఆలూరు పక్క పల్లె. సర్వే డిపార్టుమెంటులో ఖలాసీగా ముప్పై ఏళ్లు లెవెల్ కర్ర పట్టుకుని నిలబడి, రిటైరై సేద్యం చేసుకుంటున్నాడు. అడుగులు, అంగుళాలు గీసిన ఆ పొడవాటి కర్రను ఎక్కడ నిలబెడితే అక్కడి ఎత్తును, దూరంగా దుర్భిణి దగ్గర నిలబడిన ఆఫీసరు చదువుకుంటాడు. ముప్పై ఏళ్లు ఆఫీసర్లు మారారు, కర్ర మారలేదు. సన్నటి మనిషి, తలకు తెల్ల తువాలు, చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఒక చిన్న నోటు పుస్తకం, పొట్టి పెన్సిలు. నేను ఆయనను పెద్దనాయనా అని పిలిచేదాన్ని. ఆయన నన్ను పాపా అనేవాడు. సామాన్లు మోయడానికి మనిషి దొరికాడని లోపల సంతోషపడ్డాను.

మొదట పోయింది బేతంచెర్ల. ఒక వరస గుండ్రాలు అక్కడి నాపరాతి గనుల మీదుగా పోతాయి. ఏప్రిల్ నెల. బండలు తీసిన గుంతలు, పక్కనే పనికిరాని ముక్కలు పోసిన గుట్టలు, మధ్యలో పల్లంలో లారీల రోడ్డు. రోడ్డు, రోడ్డు పక్క చెట్లు, చెట్ల కింద టీ కొట్టు, అన్నీ తెల్లటి దుమ్ములో మునిగి ఉండేవి.

పద్ధతి ప్రకారం రెండు పనులు చేయాలి. గుండ్రంలో ఒక చోట జీపీఎస్ మిషను పెట్టి అరగంట పైగా కదపకుండా ఉంచితే ఆ ఒక్క చోటు ఎత్తు తెలుస్తుంది. ఆ తర్వాత అక్కడి నుంచి దుర్భిణీ కర్రా పట్టుకుని గుండ్రం మధ్యకు, చుట్టూ అంచులకు నడిచి, నేల ఎక్కడ లేచిందో ఎక్కడ దిగిందో కొలవాలి. మొదటి పనిలో మిషను కష్టపడుతుంది. రెండో పనిలో మనిషి కష్టపడాలి.

మొదటి రోజు రెండు గుండ్రాలు పద్ధతిగా చేశాం. మూడోదానికి మధ్యాహ్నమైంది. జీపీఎస్‌ను రోడ్డు పక్కన ఎండలో నిలబెట్టాను. చెట్టు కింద పెడితే దానికి ఆకాశం కనపడదు. ఆకాశంతో పని లేని నేను, బండలు పాలిష్ పట్టే షెడ్డు నీడలో మజ్జిగ గ్లాసుతో కూర్చున్నాను.

పెద్దనాయన కర్ర భుజాన వేసుకుని వచ్చాడు.

"నడిమధ్యకు పోదామా పాపా?"

నడిమధ్య ఎక్కడుందో చూశాను. రెండు నిలువుల రాళ్ల గుట్ట అవతల ఉంది. గుట్ట మీద గాలి కూడా సెగలు కక్కుతోంది.

"అక్కర్లేదులే పెద్దనాయనా. అంతా ఇంచుమించు ఒకటే కదా."

ఆయన నన్ను చూశాడు. గుట్టను చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. తర్వాత జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఊర్లో పని ఏదో గుర్తొచ్చి ఉంటుందనుకుని నేను మజ్జిగ తాగాను.

మరుసటి రోజు నుంచి అదే అలవాటైంది. ఒక చోట ఎండ, ఒక చోట కంప, ఒక చోట లారీలు, ఒక చోట నా కొత్త చెప్పులు. రోడ్డు పక్కన మిషను పెట్టడం, వచ్చిన ఎత్తును గుండ్రం మొత్తానికీ ఎత్తు అని రాసుకోవడం. పది రోజుల్లో మొత్తం వరస అయిపోయింది. పెద్దనాయన అయితే నెల పడుతుందన్నాడు. పాతకాలం మనిషి కదా, ఆలస్యంగా చేయడమే పని అనుకుంటాడని జాలిపడ్డాను.

కర్నూలు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాక నాకు ఒళ్లు పులకరించింది. ఉపగ్రహం ప్రతిచోటా నాకంటే ఎక్కువ ఎత్తు చెబుతోంది. నేల ఎంత వాలుగా ఉంటే అంత ఎక్కువ. కాగితం మీద చుక్కలు పెడితే అన్నీ బుద్ధిగా ఒక గీత మీద వచ్చి కూర్చున్నాయి. వాలును బట్టి ఇంత తీసేస్తే చాలు, ఉపగ్రహం నాతో సరిపోతుంది! నేను దానికి వాలు దిద్దుబాటు అని పేరు కూడా పెట్టాను. ఈసారి గుడ్డు, సముద్రం అన్నీ మూడుసార్లు సరిచూసుకున్నాను. అంతా సరిగ్గానే ఉంది.

సారు కూడా సంతోషపడ్డాడు. లెక్చరర్లను కూర్చోబెట్టి నా చేత ఉపన్యాసం ఇప్పించాడు. ఇరవై నిమిషాలు మాట్లాడమంటే గంట మాట్లాడాను. ప్రాజెక్టు ఇచ్చిన పెద్ద ఆఫీసుకు, ఒక మంచి దిద్దుబాటు దొరికిందని సారు నా రిపోర్టు జతచేసి ఉత్తరం రాశాడు. కాకపోతే ఒక మాట అన్నాడు.

"ఒక్క చోట కుదిరితే చాలదమ్మా. ఇంకో రకం నేల మీద కూడా చూడు. రాయచోటి పక్క పోయిరా."

రాయచోటి పక్క నేల వేరు. నాపరాయి ఉండదు. ఏనుగుల్లాంటి రాతి గుండ్లు, వాటి మధ్య కంప, చిన్న చిన్న చేలు. ఆటో మాట్లాడుకుని పెద్దనాయన, నేను వారం తిరిగాం. అక్కడ కూడా నా పద్ధతి నాదే. రోడ్డు పక్కన మిషను, నీడలో నేను. ఐదో రోజు కొలతలకు నా సూత్రం వేసి చూశాను. తప్పు తగ్గలేదు. రెండింతలైంది. ఇక్కడ ఉపగ్రహం నాకంటే తక్కువ చెబుతోంది. నా సూత్రం దాన్ని ఇంకా కిందికి తోస్తోంది.

రెండు రోజులు నేను అందరినీ అనుమానించాను. లేజర్‌కు బలం తగ్గిందేమో అన్నాను. గాలిలో దుమ్మన్నాను. కంపచెట్లన్నాను. ఒక దశలో గుండ్లు వేడెక్కి వెలుగును పాడుచేస్తున్నాయని ఒక సిద్ధాంతం కూడా తయారుచేశాను. కడప జిల్లా మొత్తం నా మీద కక్ష కట్టినట్టు మాట్లాడాను.

ఆ రెండో రోజు మధ్యాహ్నం రాయచోటిలో ఒక చిన్న హోటల్లో సంగటి తింటున్నాం. పెద్దనాయన సంగటి ముద్దలో గుంత చేసి, పప్పు పోసుకుని, నిదానంగా అన్నాడు:

"ఒక మాట అడుగుదునా పాపా?"

"అడుగు పెద్దనాయనా."

"బేతంచెర్లలో రోడ్డు యాడుండాది?"

"గనుల మధ్యన. పల్లంలో."

"ఈడ?"

"మిట్ట మీద. వంకలకు తెగిపోకుండా కట్ట పోసి వేసినారు కదా."

"మనం మిషను యాడ పెడ్తాండాం?"

నా చేయి సంగటిలోనే ఆగిపోయింది.

"నాకు మీ లేజరు గీజరు తెల్దు," అన్నాడాయన. "నేను చూసింది, నీ నోట ఇన్నది చెప్తాండా. రోడ్డు పల్లంలో ఉంటే శాటిలైటు ఎక్కువ చెప్తాండాది. రోడ్డు మిట్టనుంటే తక్కువ చెప్తాండాది. అది ఈడ ఒక తీరు, ఆడ ఒక తీరు ఎందుకు చెప్తాది పాపా? రోడ్డు యాడుంటే తప్పు ఆడుండాది."

నేను కనిపెట్టిన గొప్ప సూత్రం ఉపగ్రహం తప్పును కొలవలేదు. నేను నడవకుండా వదిలేసిన దూరాన్ని కొలిచింది. చాలా చక్కగా కొలిచింది కూడా. నా సోమరితనానికి అంత శుభ్రమైన సరళరేఖ వస్తుందని నేను అనుకోలేదు.

"ఏ గుండ్రంలో నడిచినామో, ఏ గుండ్రంలో నడవలేదో కూడా నాకు గుర్తులేదు పెద్దనాయనా," అన్నాను.

ఆయన ఎడంచేత్తో జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. పుస్తకం తెరిచి చదివాను. పెన్సిలుతో ముద్దముద్దగా రాసిన అక్షరాలు. బేతంచెర్ల మొదటి గుండ్రం, కర్ర పదకొండు చోట్ల పెట్టినాము. రెండో గుండ్రం, పది చోట్ల. మూడో గుండ్రం, మిషను రోడ్డు పక్క, కర్ర నడిమికి పోల్యా, పాప ఎండకు కూచునింది. నాలుగో గుండ్రం, పోల్యా, పాప తలనొప్పి అనింది. ఐదోది, పోల్యా, ముండ్లు అనింది. ఆరోది, పోల్యా, చెప్పులు అనింది.

అట్లా పోలేదు, పోలేదు అని పేజీలకు పేజీలు ఉంది. నా గురించి అంత నిజం అంతకు ముందు గానీ తర్వాత గానీ ఎవరూ రాయలేదు.

"ఇదంతా ఎందుకు రాసినావు?" అన్నాను. గొంతులో కొంచెం కోపం కూడా ఉంది, సిగ్గు లేకుండా.

"నిన్ను చాడీ చెప్పేకి కాదు పాపా. ముప్పై ఏండ్ల అలవాటు. కర్ర పెడితే యాడ పెట్టినామో రాయాల. పెట్టకుంటే పెట్టలేదని రాయాల. లేకుంటే వెనకొచ్చినోడు పెట్టినామనుకుంటాడు."

"సారుకు చెప్తావా?"

"నేనెందుకు చెప్తా? నీ లెక్క నీది." ఆయన మళ్లీ సంగటి మీద పడ్డాడు. "సల్లారిపోతాండాది, తిను."

రాయచోటి నుంచి కడప, కడప నుంచి కర్నూలు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా అబద్ధాలు తయారుచేసుకున్నాను. జీపీఎస్ చెడిపోయిందని చెప్పొచ్చు. రాయచోటి కొలతలు పక్కన పడేసి, బేతంచెర్ల ఒక్కటే చూపించొచ్చు. ఈ సూత్రం నాపరాతి నేలలకే పనిచేస్తుందని శాస్త్రీయంగా కూడా చెప్పొచ్చు. ఈ చివరిది నాకే ఎంతో నచ్చింది. నంద్యాల దాటేసరికి దాన్ని ఇంగ్లీషులో కూడా అనుకున్నాను. చివరికి మిషను బ్యాటరీ మీద పెడదామని తేల్చుకున్నాను. అది అన్నిటికంటే చిన్న అబద్ధంలా అనిపించింది.

మరుసటి రోజు సారు గదిలో నిలబడి, "బ్యాటరీ సరిగా పనిచేయలేదు సార్, రాయచోటి కొలతలు నమ్మేట్టు లేవు" అన్నాను.

"అవునా? పాపం, అంత దూరం పోయినారే. ఈ ఎండలకు అట్లనే అవుతాదిలే. నీ తప్పేముండాది?" అన్నాడాయన వెంటనే, కొంచెం కూడా అనుమానం లేకుండా. ఫ్లాస్కులోంచి నాకు కాఫీ కూడా పోశాడు.

ఆయన ఒక్క ప్రశ్న వేసి ఉంటే నేను అబద్ధం మీదనే నిలబడి ఉండేదాన్ని. పోట్లాడి గెలిచి ఉండేదాన్ని కూడా. ఆ కాఫీని మాత్రం తాగలేకపోయాను. గ్లాసు బల్ల మీద పెట్టి, రోడ్డు నుంచి మజ్జిగ దాకా, చెప్పుల దాకా మొత్తం చెప్పేశాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఎంత వద్దనుకున్నా ముక్కు కూడా కారింది.

సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన ముఖం ఎర్రబడింది. నేను తిట్ల కోసం సిద్ధంగా ఉన్నాను.

"ఎన్ని గుండ్రాలు?" అన్నాడు.

"దాదాపు అన్నీ సార్."

"ఆ ఉత్తరం వెనక్కి తీసుకోవాల." తెల్ల కాగితం ఒకటి ముందుకు లాక్కున్నాడు. "నేను రాస్తా." కాగితాన్ని నా వైపు తోశాడు. "వద్దు. నువ్వే రాయి. నేను సంతకం పెడతా."

ఆ ఉత్తరం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మొదటి ప్రతిలో తప్పు ఎవరు చేశారో ఎక్కడా లేదు. తప్పు దానంతట అదే జరిగినట్టు ఉంది. సారు దాన్ని వెనక్కి ఇచ్చేశాడు. ఐదో ప్రతిలో "నేను" అనే మాట వచ్చింది.

మా నాయనకు అంగడిలోనే చెప్పాను. మధ్యాహ్నం, బేరాలు లేనప్పుడు. ఆయన చాలాసేపు ఒక కొడవలి పిడిని తుడుస్తూ కూర్చున్నాడు.

"వంకర పోయిన గడ్డపార వెనక్కి తెచ్చినోళ్లు శానామంది ఉండారు," అన్నాడు చివరికి. "నీ సరుకు మంచిది కాదనే అంటారు అందరూ. బండ మీద కొట్టి నేనే వంచుకున్యా అని చెప్పినోడు ఇంతవరకు ఒక్కడూ రాల్యా." ఇంతే అని, లోపలికి పోయి గుండ్రం కొలవడానికని ముప్పై అయిదు మీటర్ల తాడు కోసి ఇచ్చాడు. మధ్యలో మేకు కొట్టి, తాడు కొస పట్టుకుని తిరిగితే గుండ్రం అంచు తెలుస్తుంది. అంత తేలిక ఉపాయం నాకు తట్టలేదు. ఆయనకు గుండ్రం సైజు చెప్పగానే తట్టింది.

తొలకరి తర్వాత మళ్లీ బేతంచెర్ల పోయాం. ఈసారి ఎక్కడ గుట్ట ఉంటే అక్కడ ఎక్కాను, ఎక్కడ గుంత ఉంటే అక్కడ దిగాను. ఒకసారి నాపరాళ్ల ముక్కల మీద జారి కూర్చున్నపాటున గుట్ట కిందికి వచ్చాను. పెద్దనాయన పైనుంచి చూసి, "ఆడ కర్ర పెట్టాల్నా పాపా?" అని అడిగాడు.

ఒక గుండ్రం మాత్రం ఎంత జాగ్రత్తగా కొలిచినా కుదరలేదు. ఉపగ్రహం మాకంటే నాలుగైదు మీటర్లు ఎక్కువ చెబుతోంది. నాలుగుసార్లు కొలిచాం. అక్కడ బండలు ఎత్తుతున్న ఒకామె మమ్మల్ని పొద్దుటి నుంచి చూస్తోంది. చివరికి తట్ట దించి అడిగింది.

"ఏం కొలుస్తాండారు మ్మా?"

చెప్పాను. ఆమె గుంత వైపు చూసి నవ్వింది. "పోయిన ఉగాదికి ఈ గుంత యాడిది? ఈడ చేను ఉన్యా. మేమొచ్చి తవ్వినాం గదా."

ఉపగ్రహం ఆ చేను మీదుగా పోయింది గుంత తవ్వక ముందు. అది చూసిన నేలను చెప్పింది. మేము తర్వాతి నేలను కొలిచి దాన్ని తప్పు పడుతున్నాం. అప్పటి నుంచి ప్రతి గుండ్రం దగ్గరా అక్కడివాళ్లను అడగడం మొదలుపెట్టాం. ఈ నేల ఎప్పుడు కదిలింది, ఎవరు తవ్వినారు, మట్టి యాడ పోసినారు అని. నా చదువులో ఎవరూ చెప్పని పరికరం అది.

రాయచోటి గుండ్రాలనూ, కొన్ని నల్లరేగడి చేలనూ కూడా అట్లాగే నడిచి కొలిచాక, ఆ ఏడాది చివరికి తేలింది ఇంతే. నల్లరేగడి చదును చేలలో ఉపగ్రహానికీ మాకూ జానెడు తేడా కూడా రాలేదు. గనుల అంచుల్లో, గుండ్ల మధ్య, తిరిగొచ్చిన వెలుగును గీతగా గీస్తే రెండు మూపురాలు ఉండేవి. ఒకటి మిట్టది, ఒకటి గుంతది. రెంటినీ కలిపి నడిమి ఎత్తు తీసుకోకుండా విడివిడిగా చదివితే కొలత చాలా మెరుగైంది. నేల మారిన గుండ్రాలను తీసేస్తే ఇంకా మెరుగైంది. సూత్రం ఏదీ రాలేదు. నా పేరు పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. నా మొదటి రిపోర్టులో సగం కూడా లేని ఆ రిపోర్టును పెద్ద ఆఫీసు వాళ్లు తీసుకున్నారు. అన్నిటికంటే ఎక్కువ వాళ్లకు నచ్చింది కర్ర ఎక్కడెక్కడ పెట్టామో రాసిన పుస్తకం. దాని ఇంగ్లీషు ప్రతి పంపమన్నారు. "పాప ఎండకు కూచునింది" అన్నదాన్ని ఏమని రాయాలో రెండు రోజులు ఆలోచించి, "పరిశీలకురాలు స్థలానికి వెళ్లలేదు" అని రాశాను. ఉత్తరంలో నేర్చుకున్న నిజాయితీకి కూడా ఒక హద్దు ఉంటుంది.

రిపోర్టు అచ్చయ్యాక ఒక ప్రతి పట్టుకుని పెద్దనాయన ఊరికి పోయాను. ఇంట్లో లేడు. చేనికాడ ఉన్నాడన్నారు. పోయేసరికి ఆయన గట్టు మీద నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వానలకు నీళ్లు నిలబడేట్టు చేనిలో ఒక కుంట తవ్వించాలని చూస్తున్నాడు. ఆయన భార్య కాస్త దూరంగా చెనిక్కాయ చేనులో కలుపు తీస్తోంది. రిపోర్టు ఇస్తే రెండు పేజీలు తిప్పి, బొమ్మలు చూసి, తువాలులో చుట్టి గట్టు మీద పెట్టాడు.

"మీ శాటిలైటు ఈ చేని మీద పోయిందా పాపా?"

"లేదు పెద్దనాయనా. రెండూర్ల అవతల పోతుంది."

"పోతే పోనీలే. ఈ తూర్పు మూల పల్లం. నాకు తెలుసు. ఈడనే తవ్విస్తా." మళ్లీ ఒక నిమిషం ఆగి, "ఎందుకైనా మంచిది, వచ్చినావు గదా, ఒకసారి చూస్తాం పా" అన్నాడు.

తాపీపనివాళ్లు వాడే నీళ్ల గొట్టం ఒకటి తెచ్చాడు. నీళ్లు నింపిన సన్నటి గొట్టం. ఒక కొస ఆయన పట్టుకున్నాడు, ఒక కొస నేను. నీళ్ల మట్టం రెండు కొసల్లోనూ ఒకటిగా ఉంటుంది కాబట్టి, ఎవరి కాళ్ల కింద నేల దిగిందో వెంటనే తెలుస్తుంది. తూర్పు మూల చూశాం. పడమర మూల చూశాం. ఆయన నమ్మలేదు. మళ్లీ చూశాం. గొట్టంలో గాలి చేరిందేమో అని దాన్ని దులిపాడు. మూడోసారి కూడా అదే. పడమర మూల మూరెడు పల్లంగా ఉంది.

కలుపు తీస్తున్న ఆమె లేచి నడుము విరుచుకుని మా వైపు చూసింది.

"పెండ్లై వచ్చిన కాడ్నుంచి చెప్తాండా," అంది, "వాన పడితే నీళ్లు ఆ మూలకే పోతాండాయని. ముప్పై ఏండ్లు ఊర్ల చేండ్లన్నీ కొలిచొచ్చినాడు, ఇంట్లో చెప్పిన మాట మాత్రం ఇనల్యా."

పెద్దనాయన నా వైపు చూడలేదు. తర్వాత గొట్టంలో నీళ్లు నేల మీద ఒంపేశాడు. అవి నెమ్మదిగా సాళ్లు దాటుకుంటూ పడమర మూలకు పాకాయి.

"సర్లే," అన్నాడు. "ఆడనే తవ్విస్తాం."

ఆమె మళ్లీ వంగి కలుపులో పడింది. మధ్యాహ్నానికి ముగ్గురం గట్టు మీద కూర్చుని జొన్నరొట్టె తిన్నాం.